టపా సోములు వారసులు

ఎప్పుడో చచ్చి స్వర్గాన ఉన్న ఒక జమీందారుగారు ఒక సినిమాలో యుద్ధానికి బయలుదేరుతూ తుమ్మారు. నిజానికి తుమ్మింది వేషం కట్టిన నటుడు. సెట్టులో వేసిన సాంబ్రాణి పొగ అతనికి పడలేదు. దర్శకుడికి ఆ తుమ్ము సహజంగా ఉందనిపించి ఉంచేశాడు. దాంతో జమీందారుగారి వంశీకులు, మా ముత్తాత అపశకునంతో యుద్ధానికి వెళ్ళేంత తెలివితక్కువవాడు కాదంటూ నడిరోడ్డు మీద జంబుఖానా పరుచుకుని కూర్చున్నారు. బస్సులు ఆగిపోయాయి. పరీక్షలు వాయిదా పడ్డాయి. పరీక్షలు వాయిదా పడిన సంతోషంలో విద్యార్థులు కూడా వచ్చి అదే జంబుఖానా మీద కూర్చున్నారు. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని ప్రభుత్వం వారు ‘చారిత్రక చలనచిత్ర వంశగౌరవ పరిరక్షణ మండలి’ అని ఒకటి పెట్టారు. దానికో భవనం, భవనానికో లిఫ్టు, లిఫ్టుకో మనిషి, అన్నిటికీ కలిపి అధ్యక్షులుగా పరాంకుశరావుగారు.

పరాంకుశరావుగారు పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. సర్వీసంతా ఏ ఫైలు మీదా ‘సరే’ అని గానీ ‘కుదరదు’ అని గానీ రాయకుండా, ‘పరిశీలించవచ్చును’ అన్న ఒక్క మాటతో నెట్టుకొచ్చిన మనిషి. చెడ్డవారు కాదు. ఎవరి మీదా కోపం లేదు. నిబంధన అంటే మాత్రం ఆయనకు కన్నకూతురంత ముద్దు. మండలికి ఆయన స్వయంగా రాసిపెట్టిన మొదటి నిబంధన ఇది: చారిత్రక చిత్రంలో పేరు గల ప్రతి వ్యక్తికీ సదరు వ్యక్తి వంశీకుల నుండి నిరభ్యంతర పత్రం తీసుకురావలెను.

ఇవేవీ తెలియని బెవర భానోజీ ఆ రోజుల్లో మోకాలి లోతు బురదలో నిలబడి సినిమా తీసుకుంటున్నాడు.

భానోజీ అంతకు ముందు రెండు సినిమాలు తీశాడు. అవి వచ్చి వెళ్ళిన సంగతి పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. ఆ రెండూ ఎవరో రాసిచ్చిన కథలు. ఇది మాత్రం సొంత కథ. ‘కథ, మాటలు, దర్శకత్వం: బెవర భానోజీ’ అని తెర మీద పడితే చూసుకోవాలని అతని కోరిక. ఆ అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాడు.

తూర్పు కొండల్లో తెల్లవాళ్ళ మీద జరిగిన గుమ్మడిగెడ్డ ఫితూరీ గురించి పాత పుస్తకాల్లో ఉన్నది ఒకే ఒక్క పేరా. కొండజనం తిరగబడ్డారు, సిపాయిలు వచ్చారు, అణిచేశారు. అంతే. ఆ పేరాలోకి భానోజీ టపా సోముల్ని ప్రవేశపెట్టాడు. సోములు ఒక ఆదివారం భానోజీ గడ్డం గీసుకుంటుండగా పుట్టాడు. చెంప కోసుకుంది కూడా.

సోములు దొరల ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని, గజ్జెల ఈటె పట్టుకుని కొండదారుల్లో పరుగెత్తే టపా మనిషి. వాడికి దేశం తెలియదు, దొరతనం తెలియదు, తెలిసిందల్లా చిలకమ్మ. ఆమె వెదురుబుట్టలు అల్లుతూ చాటుగా ఫితూరీదార్లకు తిండి మోస్తుంటుంది. వాడికి ఆమె మీద ఉన్నది ప్రేమని కూడా అనలేం, పిచ్చి. ఆమె అడిగిందని దొరల సంచీ ఇచ్చేస్తాడు. ఆమె నవ్వుతుందేమోనని ఠాణాకు నిప్పు పెడతాడు. చివరికి సిపాయిలు చుట్టుముట్టిన రోజున, వాగు ఒడ్డున వాణ్ణి ఆపి, ‘నేనొచ్చేదాకా గెడ్డ కాడ ఉండు’ అని చెప్పి ఆమె పిల్లల్నీ ముసలివాళ్ళనీ కొండ దాటించడానికి వెళుతుంది. వాన. సిపాయిలు దిగుతుంటారు. పారిపోవడానికి దారి ఉంది. కానీ ఆమె ఉండమంది కదా, వాడు ఉంటాడు. తూటా తగిలినప్పుడు కూడా ఆమె వెళ్ళిన వైపే చూస్తుంటాడు.

ఆ ఒక్క దృశ్యం కోసమే భానోజీ ఈ సినిమా తీశాడు. నిజమైన వాన కోసం కాచుక్కూర్చుని తీశాడు. సోములు వేషం వేసిన కుర్రవాడు జ్వరం పడి లేచాడు. కెమెరా వెనక నిలబడి భానోజీ ఏడ్చాడు, వానలో ఎవరికీ తెలియలేదు. సినిమాకు ‘వచ్చేదాకా ఉండు’ అని పేరు పెట్టి, సంతోషంగా ఇంటికి వచ్చి, స్నానం చేసి, మండలికి దరఖాస్తు పెట్టాడు.

*

“చిత్రం మేము వీక్షించితిమి. వాన బాగున్నది,” అన్నారు పరాంకుశరావుగారు. “అయితే సోములుగారి వంశీకుల నిరభ్యంతరం జతపరచబడలేదు.”

“సోములు అనేవాడు లేడు సార్. కల్పితం.”

“చిత్రం చారిత్రకమేనా?”

“అవును సార్.”

“ఫితూరీ జరిగినదేనా?”

“జరిగింది సార్.”

“జరిగిన దానిలో ఉన్నవాడు లేకుండా ఎలా పోతాడండీ?”

భానోజీ తల గోక్కుని వేరే దారి పట్టాడు. “సార్, ఉన్నాడనే అనుకుందాం. వాడికి పెళ్ళి కాలేదు. పాతికేళ్ళకే పోతాడు. ఇంక వంశం ఎక్కడిది?”

పరాంకుశరావుగారి ముఖం వికసించింది. “అలా చెప్పండి! నిర్వంశుడైతే అసలు సమస్యే లేదు. సదరు సోములుగారికి వారసులెవరూ లేరని స్థానిక తాసీల్దారుగారు ధ్రువీకరిస్తే చాలును. అటుపైన మీ చిత్రం మీ ఇష్టం.”

భానోజీ లిఫ్టు దాకా చేతులు జోడించుకునే నడిచాడు. ఇంత మంచి మనిషిని తను అపార్థం చేసుకున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా.

తాసీల్దారు త్రినాథరావు కూడా మంచి మనిషే. టీ తెప్పించాడు. “లేని మనిషికి వారసులు లేరని రాయడానికి నాకేం నొప్పి సార్? కానీ లేరని రాసేముందు, ఉన్నారా అని ఓ మాట అడగాలి కదా. అది పద్ధతి. ఇంతకీ మీవాడు ఏం చేశాడు?”

“ఉత్తరాల సంచీ ఇచ్చేశాడు. ఠాణా తగలబెట్టాడు.”

“ఎవరి ఠాణా?”

“తెల్లవాళ్ళది.”

“అయితే స్వాతంత్ర్య సమరయోధుడన్నమాట,” అని త్రినాథరావు రాసుకున్నాడు.

మర్నాడు గుమ్మడిగెడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా దండోరా పడింది. స్వాతంత్ర్య సమరయోధుడు కీర్తిశేషులు టపా సోములుగారికి వారసులెవరైనా ఉన్నట్లయితే తాసీల్దారు కార్యాలయంలో హాజరు కావలెనహో అని. సమరయోధుడి వారసులు కావాలని డప్పు కొడితే ఎవరూ రారని నమ్మినవాడు భూప్రపంచం మీద భానోజీ ఒక్కడే.

ట్రాక్టరు నిండా వచ్చారు. ముందు దిగినవాడు గుమ్మడిగెడ్డ మాజీ సర్పంచి దాలినాయుడు. భుజం మీద కండువా సర్దుకుని, భానోజీని కౌగిలించుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

“మా తాతకి తాత బావూ! ఇన్నాళ్ళకి ఆయన పేరు ఎత్తినోడివి నువ్వొక్కడివే.”

“అతనికి పెళ్ళి కాలేదండీ,” అన్నాడు భానోజీ నీరసంగా.

“పెళ్ళి కాపోతే మావెలగ పుట్టినాం బావూ? మావు పుట్టినాం గదా. అంటే పెళ్ళయినట్టే గదా.”

త్రినాథరావు ఈ వాదనలో తప్పు వెతికాడు. దొరకలేదు. సాక్షులున్నారా అని అడిగితే ట్రాక్టరంతా చేతులెత్తింది. సంతకం పెట్టి, ముద్ర వేసి, భానోజీ వైపు జాలిగా చూశాడు.

“పోనీలెండి సార్. నిర్వంశుడు అన్న మాట ఎవరికైనా బాధే కదా. మీ సోములు వంశం నిలబడింది.”

ఇంటికి వెళ్ళి చెబితే భానోజీ భార్య హైమవతి వంటింట్లోంచి పగలబడి నవ్వుతూ వచ్చింది. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మీ సోములుకు ఆలూ చూలూ లేకపోయినా మునిమనవలు ట్రాక్టరు నిండా వచ్చారు! ఉన్న చుట్టాలతోనే వేగలేక చస్తుంటే లేనివాణ్ణి తెచ్చిపెట్టారు.” ఆమెకు సినిమా అంటే ఇష్టం, భానోజీ అంటే ఇంకా ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎప్పుడూ ఇలాగే చూపిస్తుంది.

*

వారసులు దొరికాక నిరభ్యంతరం ఎంత పని అనుకున్నాడు భానోజీ. దాలినాయుడుకు కథ చెప్పేదాకా అలాగే అనుకున్నాడు.

“ఏటీ? ఆడకూతురు ఎనకాల తిరిగినాడా?” దాలినాయుడు కుర్చీలోంచి లేచాడు. “మా తాత అలాటోడు కాడు బావూ. ఆయన తలెత్తి ఆడదాని ముఖం సూసినోడు కాడు.”

“మీరు చూశారా ఆయన్ని?”

“సూడకపోతే? రగతం సెప్పదేటి?”

ఈ లోపల గెడ్డకు అవతలి ఊరివాళ్ళకు కబురు తెలిసింది. చిలకమ్మ మా అమ్మమ్మకు అమ్మమ్మ అని వాళ్ళు ఒక వ్యాను కట్టించుకుని వచ్చారు. వాళ్ళ అభ్యంతరం వేరు. వాళ్ళ అమ్మమ్మ ఒక టపావాణ్ణి చూసి నవ్వినట్టు సినిమాలో ఉందట. ఆవిడ ఎవర్ని చూసీ నవ్వే మనిషి కాదట. తమ ఇంట్లో ఆడవాళ్ళు ఇప్పటికీ నవ్వరని, కావాలంటే వచ్చి చూసుకోమని అన్నారు.

మండలి రెండు పక్షాలనూ పిలిపించింది. పరాంకుశరావుగారు అందరి మాటా ఓపికగా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని తీర్పు చెప్పారు. “వంశీకుల ఉనికియే వివాహమునకు సాక్ష్యము. కావున సోములుగారు వివాహితులు. వివాహితుడైన సమరయోధుడు పరస్త్రీ కొరకు పరితపించుట సంభావ్యము కాదు. పరితపించుటకు చిత్రమున మరొక స్త్రీ కానరాదు. ఇందువలన తేలునదేమనగా, చిలకమ్మగారు సోములుగారి ధర్మపత్ని. ఉభయ వంశములూ ఒకటియే.”

ఇటు ట్రాక్టరువాళ్ళూ అటు వ్యానువాళ్ళూ లేచి ‘బావా’ అంటే ‘బావా’ అని కౌగిలించుకున్నారు. భానోజీ కళ్ళ ముందే వియ్యం కుదిరిపోయింది. ఆనవాయితీ ప్రకారం అవతలి ఊరివాళ్ళు సారె కావిళ్ళు పంపారు. చిలకమ్మకు పెట్టవలసిన పసుపు కుంకుమలు మగపెళ్ళివారు పెట్టలేదని చిన్న గొడవ కూడా జరిగింది. ఏ పెళ్ళిలోనైనా జరిగేదే. అరిసెలు పంచారు. భానోజీకి రెండు ఎక్కువ పెట్టారు, పెళ్ళి కుదిర్చిన మనిషి కదా అని.

ఇంతవరకూ వచ్చాక చరిత్రకారులు ఊరుకుంటే చరిత్రకే అవమానం. ప్రొఫెసర్ విశ్వమూర్తిగారు ‘టపా సోములు: ఒక పునర్మూల్యాంకనం’ అని వ్యాసం చదివారు. మొదటి మూల్యాంకనం ఎప్పుడు జరిగిందని ఎవరూ అడగలేదు. అడుగున పాదసూచికలు బారెడు ఉన్నాయి. అన్నీ వెళ్ళి తాసీల్దారు దండోరా దగ్గర ఆగాయి. సోములు నిజానికి ఉత్తరాల సంచీలో దేశంలోని ఉద్యమకారులందరికీ రహస్య సందేశాలు చేరవేశాడని, ఠాణా దహనం ముందుగా వేసుకున్న వ్యూహమని, ఆయనపై ఇప్పటికీ జానపదులు పాట పాడుకుంటున్నారని విశ్వమూర్తిగారు నిరూపించారు. పాట మాట నిజమే. దాలినాయుడు మేనల్లుడు అంతకు ముందు వారమే కట్టాడు. భానోజీ ఆ వ్యాసం రెండుసార్లు చదివి, తన సోములు గురించి తనకు తెలియని సంగతులు చాలా తెలుసుకున్నాడు.

తర్వాత విగ్రహం లేచింది. గుమ్మడిగెడ్డ నాలుగు రోడ్ల కూడలిలో మంత్రిగారు ముసుగు లాగారు. లోపల సోములు గుర్రం మీద ఉన్నాడు.

“గుర్రం ఎందుకండీ?” అన్నాడు భానోజీ శిల్పితో. “వాడు కాళ్ళ మీద పరుగెత్తే మనిషి.”

“గుర్రం ముందే చేసి ఉందండి. ఎవరికో చేస్తే వాళ్ళు తీసుకోలేదు. ఈయనకి సరిగ్గా సరిపోయింది,” అన్నాడు శిల్పి తృప్తిగా.

సోములు ముఖం మాత్రం అచ్చు గుద్దినట్టు సినిమాలో కుర్రవాడిదే. పోస్టరు చూసి చేశాడు. ఆ కుర్రవాడు కూడా సభకు వచ్చి విగ్రహం కింద నిలబడ్డాడు. పోలిక చూసి ముసలమ్మలు, ఈ బాబు మా వంశంలోవాడే అయ్యుంటాడని బుగ్గలు పుణికారు.

*

మండలి మళ్ళీ సమావేశమైంది. ఈసారి పరాంకుశరావుగారి ముఖం గంభీరంగా ఉంది.

“భానోజీగారూ, మీ చిత్రంలో చారిత్రక దోషములు బహుళముగా కలవు. సోములుగారికి గుర్రము లేదు.”

“సార్, ఆ విగ్రహం నా సినిమా పోస్టరు చూసే చేశారు సార్.”

“కావచ్చును. విగ్రహము ప్రభుత్వముది. చిత్రము ప్రైవేటుది. ఉభయులకూ భేదము వచ్చినప్పుడు ఎవరు సరిచేసుకొనవలెనో మీరే చెప్పండి. తరువాత, మొదటి రీలులోనే వివాహము జరిపించవలెను. వివాహానంతరము విరహము కూడదు.”

“చేస్తాను సార్.”

“గుర్రము?”

“పెడతాను సార్. కావాలంటే రెండు పెడతాను. చివరి దృశ్యం మాత్రం ముట్టుకోకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“అసలు దోషము అక్కడనే యున్నది,” అన్నారు పరాంకుశరావుగారు మెత్తగా. “ఇల్లాలు ఉండమన్నదని ఒక సమరయోధుడు ప్రాణము విడుచుటయా? యువతకు ఏమి సందేశము? మేము దృశ్యమును తొలగించమనుట లేదు. ఒకే ఒక్క మార్పు. చిలకమ్మగారు ‘నేనొచ్చేదాకా గెడ్డ కాడ ఉండు’ అనుటకు బదులు, ‘స్వాతంత్ర్యం వచ్చేదాకా గెడ్డ కాడ ఉండు’ అనవలెను.”

“అప్పటికి ఇంకా అరవై ఏళ్ళ పైమాటుంది సార్!”

“అదియే త్యాగము.”

భానోజీకి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళి చేశారు, ఊరుకున్నాడు. గుర్రం ఎక్కించారు, ఊరుకున్నాడు. కానీ సోములు గెడ్డ దగ్గర నిలబడింది చిలకమ్మ కోసం. ఇంకెవరి కోసం నిలబడినా వాడు సోములే కాదు, అది తన సినిమాయే కాదు. ఆ కోపంలో లేచి బల్ల గుద్దాడు.

“సార్, సోములు లేడు! ఎప్పుడూ లేడు! నేను గడ్డం గీసుకుంటుంటే పుట్టాడు! ఆ దాలినాయుడు ఎవరికి పుట్టాడో నాకు తెలియదు గానీ సోములుకు మాత్రం కాదు!”

రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి అధ్యక్షుల వైపు చూశాడు.

“ఈ మాట రాయకుమయ్యా,” అన్నారు పరాంకుశరావుగారు దయగా. తర్వాత భానోజీ వైపు తిరిగి గొంతు తగ్గించారు. “చూడండి. మంత్రిగారు ముసుగు తీసిన మనిషిని లేడనడం మీ ఆరోగ్యానికి మంచిది కాదు. సమరయోధుల ఉనికిని శంకించేవారి కోసం వేరే కమిటీ ఉంది. వాళ్ళు మా అంత నెమ్మదస్తులు కారు. ఇంటికి వెళ్ళి మజ్జిగ తాగండి. నిబంధనల్లో ఆఖరి అవకాశం ఒకటుంది. వంశీకులందరికీ చిత్రం చూపించి, వారిలో వయోజ్యేష్ఠులైన వారి వేలిముద్ర తీసుకోవాలి. వారికి అభ్యంతరం లేకపోతే మాకేం? ఉంటే మాత్రం మార్పు తప్పదు.”

వంశంలో అందరికన్నా పెద్దది దాలినాయుడు మేనత్త అప్పయ్యమ్మ. అభ్యంతరం ఉందని ఎక్కడ వేలు నొక్కాలో ఆమెకు ముందే చూపించి, బొటనవేలికి సిరా రాసి తీసుకొస్తానని దాలినాయుడు మండలికి మాట ఇచ్చాడు.

*

దగ్గరి పట్నంలో ఒక పాత థియేటర్లో ఉదయం ఆట వేశారు. ముందు వరసలో మండలి, వెనక వారసులు. అప్పయ్యమ్మను నడవా పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. భానోజీ తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చోవడానికి మనసొప్పలేదు. పక్కన హైమవతి అతని చెయ్యి పట్టుకుంది.

సినిమా మొదలైంది. మగవాళ్ళు మధ్యమధ్యలో ‘తప్పు’, ‘తప్పు’ అని గట్టిగా అంటున్నారు. సోములు చిలకమ్మ గుడిసె ముందు ఉత్తినే నాలుగుసార్లు పరుగెత్తినప్పుడు దాలినాయుడు తల పట్టుకున్నాడు. ఆడవాళ్ళు మాత్రం ఎందుకో మాట్లాడటం మానేశారు.

చివరి దృశ్యం వచ్చింది. వాన. ‘నేనొచ్చేదాకా గెడ్డ కాడ ఉండు’ అంది చిలకమ్మ. సోములు తలూపాడు. సిపాయిలు దిగుతున్నారు. దారి ఖాళీగా ఉంది. సోములు ఒకసారి దారి వైపు చూసి, మళ్ళీ ఆమె వెళ్ళిన వైపు తిరిగి నిలబడ్డాడు. ఎక్కడో తుపాకి పేలింది. తెర మీద వాన మాత్రం మిగిలింది.

దీపాలు వెలిగాయి. దాలినాయుడు లేచి గొంతు సవరించుకున్నాడు. “సూసినారు గదా అధ్యచ్చులుగారూ. మా తాతని ఆడదాని మాటకి సచ్చినోడిగా సూపించినాడు. ఇది మా వంశానికి...”

“ఒరే దాలిగా, కూకో,” అంది అప్పయ్యమ్మ.

దాలినాయుడు ఊళ్ళో ఎవరి మాటకూ కూర్చోనివాడు, కూర్చున్నాడు.

అప్పయ్యమ్మ కర్ర ఊతంగా లేచింది. ముఖమంతా తడిగా ఉంది. తుడుచుకోలేదు. “మీ మావ, సచ్చి ఏ లోకాన ఉన్నాడో గానీ, సంతలో ఈ సెట్టు కింద ఉండరా నాయనా, ఉప్పు కొనుక్కొత్తాను అంటే, నానొచ్చేసరికి కల్లు పాకలో ఉండీవోడు. పురిటి నొప్పులొత్తన్నాయి ఇంటికాడ ఉండరా అంటే కోడిపందేల కాడ ఉండీవోడు. మా అయ్య అంతే. నువ్వూ అంతే. నీ పెళ్ళానికి తెలీదేటి?”

వెనక వరసలో దాలినాయుడు భార్య కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. అవతలి ఊరి ఆడవాళ్ళు మాత్రం పైకే నవ్వారు. తమ ఇంట్లో ఆడవాళ్ళు నవ్వరని చెప్పిన పెద్దమనిషి అటు చూసి నోరు తెరిచాడు.

“ఉండమన్న కాడ ఉన్న మగోడు మన వంశంలో ఒక్కడంటే ఒక్కడున్నాడురా,” అంది అప్పయ్యమ్మ. “ఆడ్ని కూడా తీసేత్తారేటి? ఎవడి కోసమో ఉన్నాడని మారుత్తారా? ఆడు దేశం కోసం ఉండనేదు. ఆ పిల్ల కోసం ఉన్నాడు. ఆ పిల్ల మిగతా పిల్లల కోసం పోనాది. మరి దేశం అంటే ఏటి బావూ, మీరు సదువుకున్నోళ్ళు, సెప్పండి.”

నిబంధనల్లో దానికి నిర్వచనం ఇచ్చినట్టు పరాంకుశరావుగారికి గుర్తులేదు.

“మరి గుర్రం మాటేటి అత్తా?” అన్నాడు దాలినాయుడు ఆఖరి ప్రయత్నంగా.

“గుర్రం నీ మొహాన ఉన్నాదా? గుర్రమే ఉంటే ఆ పిల్లనీ ఎక్కించుకుని పోయీవోడు గదా!” అని అప్పయ్యమ్మ సిరా రాసిన బొటనవేలు చాపింది. “అబ్బెంతరం నేదని ఎక్కడున్నాదో సూపించండి.”

భానోజీ హైమవతి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈసారి వాన లేదు, అందరూ చూశారు. అతను లెక్కచేయలేదు.

*

నిబంధన ఎటు తిరిగితే అటు తిరగడం పరాంకుశరావుగారికి అలవాటే. వారం తిరక్కుండా మండలి తీర్మానం వచ్చింది. వంశీకుల సమ్మతితో సోములుగారి ప్రేమ చారిత్రక సత్యముగా నిర్ధారణ అయినందున, ఇకపై అందులో ఒక్క అడుగు కత్తిరించినా చరిత్రను వక్రీకరించినట్లే. చిత్రములో గుర్రము కానరాకపోవుటకు కారణము, అది ఆ సమయమున మేతకు వెళ్ళియుండుటయేనని మండలి భావించుచున్నది.

భానోజీ ఎగిరి గంతేశాడు. సంతకం పెట్టి అనుమతి పత్రం పట్టుకుపోదామని మండలికి పరుగెత్తాడు.

“ఇంకొక్క చిన్న విషయం,” అన్నారు పరాంకుశరావుగారు. “తెర మీద ‘కథ: బెవర భానోజీ’ అని ఉంది. సోములుగారి జీవితం మీ కథ ఎలా అవుతుంది? ‘కథ: చరిత్ర’ అని మార్చండి. ఇందులో నేను సొంతంగా కల్పించింది ఏమీ లేదని ఇక్కడ ఒక సంతకం. ‘పాత్రలన్నీ కల్పితం’ అని ముందు వేశారే, అది కూడా తీసేయాలి. అబద్ధం కదా.”

భానోజీ కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ముందు రెండు సినిమాలూ ఎవరో రాసిచ్చిన కథలతో తీశాడు. ఇది ఒక్కటే తనది. సోముల్ని తనే కన్నాడు, తనే పెంచాడు, వానలో నిలబెట్టి తనే చంపుకున్నాడు. పేరు తీసేస్తే లోకంలో ఒక్కడికి కూడా ఆ సంగతి తెలియదు. పేరు ఉంచితే ఆ వానా, ఆ చూపూ డబ్బాలో పడి మగ్గిపోతాయి. వాణ్ణి జనం చూడాలి.

సంతకం పెట్టేశాడు.

“కల్పించకుండా తీయడం ఎంత కష్టమో మాకు తెలుసు,” అన్నారు పరాంకుశరావుగారు అభినందనగా, చెయ్యి కలుపుతూ.

సినిమా విడుదలైంది. ఆడింది. ఆడవాళ్ళు మొగుళ్ళను వెంటబెట్టుకుని మరీ వెళ్ళారు. చివరి దృశ్యంలో తెర వైపు కాక పక్క కుర్చీ వైపు చూసినవాళ్ళే ఎక్కువట. పత్రికల్లో కూడా మెచ్చుకున్నారు. ఒక పెద్ద విమర్శకుడు మాత్రం, ఇంత గొప్ప కథను చరిత్ర చేతికందించినా దర్శకుడు దానికి తన వంతుగా ఏమీ చేర్చలేకపోయాడని, తెలుగు సినిమాకు పట్టిన శాపం కల్పనాశక్తి లేకపోవడమేనని రాశాడు. హైమవతి అది చదివి పేపరు చింపబోతే భానోజీ ఆపి, నవ్వి, మడిచి బల్ల మీద పెట్టాడు.

గుమ్మడిగెడ్డ దగ్గరి పట్నంలో ఆడుతున్న చివరి రోజున అతను వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. ఆట అయి జనం బయటికి వస్తుంటే ఎవరో కొంగు పట్టి లాగినట్టు చొక్కా పట్టి లాగారు. అప్పయ్యమ్మ. ఐదోసారి చూసిందట. అతన్ని పక్కకు తీసుకుపోయి, మనవడితో తెప్పించిన వేరుశనక్కాయల పొట్లం చేతిలో పెట్టింది.

“బావూ, ఒకటడుగుతాను, ఏటనుకోకు. ఆయన నిలబడింది, ఆ పిల్ల ఎల్లిన ఏపు సూసింది, అంతా కళ్ళారా సూసినట్టే తీసినావు. నాకే తెలీదు అవన్నీ. నీకెలగ తెలిసినాయి?”

భానోజీ ఆమె ముఖంలోకి చూశాడు. నిజం నోటి దాకా వచ్చింది. ఆ ముఖాన ఉన్న వెలుగు చూసి మింగేశాడు.

“ఎవరో పెద్దాయన చెబితే విన్నానమ్మా.”

అప్పయ్యమ్మ తృప్తిగా తలూపింది.

“సెప్పినోడు బంగారంలాటోడు బావూ. ఒక్క ముక్క కూడా కల్పించకుండా సెప్పినాడు.”